పెనుమంటకు కావలి

వంకలు పెట్టడం అత్తల హక్కు అంటారు. మా ఇంట్లో మాత్రం ఆ పని చేసి జీతం తెచ్చుకునేది కోడలినైన నేను. వీడియో ఆటలు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. ఆట బజారులోకి వెళ్ళేలోపు దాన్ని ఆడి ఆడి ఎక్కడ తప్పుందో పట్టుకోవాలి. మనిషి గోడలోంచి నడిచి వెళ్ళిపోతున్నాడా, చచ్చిన రాక్షసుడు మళ్ళీ లేచి కూర్చుంటున్నాడా, తలుపు ఎంత తట్టినా తెరుచుకోవడం లేదా, ఇవన్నీ చూసి రాసి పంపాలి. వినేవాళ్ళు అదృష్టమంటే నీదే అంటారు. ఒకే తలుపును వారమంతా తట్టి చూస్తే అదృష్టం సంగతి తెలుస్తుంది.

ఆ వానాకాలం నా వంతుకు వచ్చింది పెనుమంట.

మా కంపెనీ ఆటల వరుసకు పెనుమంట ఇంటిపేరు లాంటిది. మొదటి భాగంలో అది తెర మధ్యన ఎర్రటి మరక మాత్రమే. రెండో భాగంలో మరకకు నాలుకలు మొలిచాయి. తరువాత పొగ వచ్చింది, చప్పుడు వచ్చింది, కాలిన నేల నల్లబడి పగలడం వచ్చింది. రాజ్యాలు మారాయి, వీరులు మారారు, ఒక భాగంలో మంచివాడు ఇంకో భాగంలో చెడ్డవాడయ్యాడు. పెనుమంట మాత్రం ప్రతి భాగంలోనూ ఉంది. మంత్రంతో రప్పించే ఆ మంట నియమం కూడా మారలేదు. మంత్రగత్తె కళ్ళు మూసుకుని మంత్రం చదువుతున్నంతసేపూ కదలకూడదు. కదిలితే చదివిందంతా గంగపాలు. కాబట్టి డాలు పట్టుకున్న కావలి మనిషి ఆమె ముందు నిలబడి దెబ్బలన్నీ తను కాయాలి. మంత్రం ముగియబోయే ముందు నేల మీద ఎర్రటి వలయం వెలుగుతుంది. అది కనబడగానే కావలి బయటికి పరుగెత్తాలి. పెనుమంటకు తనవాళ్ళూ పరాయివాళ్ళూ అన్న తేడా లేదు. మంత్రగత్తెను తప్ప వలయంలో ఉన్న ప్రతి ప్రాణినీ కాలుస్తుంది.

అంతా అయ్యాక మంత్రగత్తెకు మిగిలేది ఒకే ఒక్క చుక్క శక్తి. దానితో కొనఊపిరితో ఉన్న రాక్షసుణ్ణి ఒక్క దెబ్బ కొట్టి పని ముగించవచ్చు. లేదా కింద పడిన తోటిమనిషిని లేపవచ్చు. రెండూ కుదరవు.

ఇక ఇంటి సంగతి. ఎండలు ముదిరే రోజుల్లో మా ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఊరూరూ తిరిగి నీళ్ళ మోటార్లు అమ్మే ఉద్యోగం ఆయనది. తిరిగిన ఊళ్ళలో ఒకచోట ఇంకో ఇల్లు పెట్టాడు. వెళ్ళేటప్పుడు గడ్డం గీసుకునే సామాను మర్చిపోలేదు, ఇస్త్రీకి వేసిన చొక్కాలు మర్చిపోలేదు, తల్లిని మాత్రం మర్చిపోయాడు. అలా మా అత్తగారు నాకు మిగిలింది. లేదా నేను ఆవిడకు మిగిలాను. ఎవరు ఎవరికి మిగిలారో తేల్చుకునే ధైర్యం ఇద్దరికీ లేదు.

రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న ఆ ఇంట్లో ఆవిడ ఒక గదిలో, నేనొక గదిలో. ఆవిడ నా ముఖం చూడలేకపోయేది. నేను ఆవిడ ముఖంలో ఆయన ముక్కును చూడలేకపోయేదాన్ని. అన్నం వడ్డించానంటే వడ్డించాననీ, గ్యాస్ అయిపోయిందంటే అయిపోయిందనీ తప్ప మాటల్లేవు. ఒక్కదాన్నే ఉండి దిగులుపడితే గోడలతోనైనా చెప్పుకోవచ్చు. పక్కగదిలో మనిషి ఉండగా గోడలతో కూడా చెప్పుకోలేం. ఆ రోజుల్లో నేను ఆఫీసుకు ఉద్యోగం కోసం కాదు, ఇంట్లో ఉండలేక వెళ్ళేదాన్ని.

వానలు మొదలవగానే ఆ దారి కూడా మూసుకుపోయింది. ఆఫీసు కప్పు కారుతోందని, బాగయ్యేదాకా ఎవరి యంత్రాలు వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి పని చేసుకోమన్నారు. పెనుమంటను ఇద్దరు మనుషులు కలిసి ఆడి పరీక్షించాలి. నాతో జతగా ఆడే అమ్మాయి అప్పుడే వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి అడిగితే, "ఇంట్లో ఎవరైనా ఉన్నారాండీ? ఆటలు రానివాళ్ళైతే మరీ మంచిది. కొత్తవాళ్ళు ఎలా తడబడతారో తెలుస్తుంది" అన్నాడు.

ఇంట్లో ఉన్నది ఒక్కరే.

వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు గొంతు సవరించుకున్నాను. "అత్తయ్యా, ఓ పని చేసి పెడతారా?"

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఏంటది?"

"డాలు పట్టుకుని నా ముందు నిలబడాలి."

ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది. పాపం, కోడలికి మతి చలించిందనే అనుకుని ఉంటుంది. అందుకు కారణాలు కూడా ఆవిడ దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. "ఎవరు కొడతారు?" అంది మెల్లగా.

"రాక్షసుడు. టీవీలో."

"టీవీలోనే కదా," అని చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

మా అత్తగారివి చొక్కాల కార్ఖానాలో కాజాలు కుట్టి కుట్టి ఆరితేరిన చేతులు. బొత్తాం దూరే కన్నం చుట్టూ చూడకుండా దారం తిప్పగల మనిషికి ఆట బొత్తాలు ఒక లెక్కా. నడవడానికి ఇది, డాలు ఎత్తడానికి ఇది, పరుగెత్తడానికి ఇది అని ఒకసారి చూపించాను. సాయంత్రానికల్లా డాలును ఎడాపెడా తిప్పుతూ నా మంత్రగత్తె మీద ఈగ వాలనివ్వలేదు. చేతిలో పట్టుకునే ఆ బొత్తాల పెట్టెను రిమోట్ అనకూడదని చెప్పాను. "మరేమనాలి?" అంది. చెప్పాను. "రిమోటే బాగుంది," అంది.

వచ్చిన చిక్కల్లా వలయం దగ్గరే. మంత్రం ముగియబోతోంది, నేల ఎర్రబడింది.

"అత్తయ్యా, పరుగెత్తండి."

కావలి కదల్లేదు. పెనుమంట లేచింది. తెరంతా ఎర్రగా, తరువాత తెల్లగా అయి, పొగ తేలిపోయాక చూస్తే రాక్షసుడు ఒక మోకాలి మీద ఒరిగి ఉన్నాడు. డాలు బోర్లా పడి, దాని కింద కావలి పడి ఉన్నాడు.

"వలయం కనబడలేదా?"

"కనబడింది."

"మరి పరుగెత్తలేదే?"

"నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు. వాడు చూస్తే ఇంకా నీ మీదికే వస్తున్నాడు. వదిలేసి ఎలా పోను?"

"ఆ మంట నన్నేం చెయ్యదు అత్తయ్యా."

"ఆ సంగతి నీకు తెలుసు. మంటకు తెలుసా?"

నా దగ్గర చివరి చుక్క మిగిలి ఉంది. కొడితే రాక్షసుడు చచ్చేవాడు. కానీ పక్కన ఆవిడ రిమోట్ పట్టుకుని, పడిపోయిన తన బొమ్మ వంక అలా చూస్తూ కూర్చుంది. చుక్క ఖర్చుపెట్టి లేపాను. లేచిన కావలి డాలు సర్దుకునేలోపు రాక్షసుడు ఇద్దర్నీ కలిపి ఒకే దెబ్బకు మట్టి కరిపించాడు.

"లేపావుగా, ఇంకేం," అంది అత్తగారు. "మళ్ళీ మొదలుపెట్టు."

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే. మర్నాడూ అదే. వలయం వెలుగుతుంది, నేను పరుగెత్తమంటాను, ఆవిడ "ఊఁ" అంటుంది, పరుగెత్తదు. కాలుతుంది, పడుతుంది, నేను లేపుతాను, ఇద్దరం ఓడిపోతాం. ఓడిపోయి ఇద్దరం టీ పెట్టుకుంటాం. "రెండో మనిషి వలయం దాటడం లేదు" అని రోజూ రాసి పంపేదాన్ని. అలా ఓడిపోవడం ఎప్పుడలవాటయ్యిందో, ఆ ఓటమి కోసం పొద్దున్నే త్వరగా లేవడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు.

బయట వాన తెరిపి ఇచ్చేది కాదు. ఉతికిన బట్టలు ఆరక, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తాళ్ళు కట్టాం. తడి దుప్పటి కింద నుంచి తొంగిచూస్తూ ఆడేవాళ్ళం. రాక్షసుడి తలను దుప్పటి అంచు సగం కప్పేసేది. ఫ్యాను గాలికి చొక్కా చెయ్యి వచ్చి నా చెంపకు తగిలేది. మంత్రం చదవడానికి చాలాసేపు పడుతుంది, ఆ సేపంతా నాకు చేసే పనేమీ ఉండదు. ఆవిడకు మాత్రం చేతుల నిండా పని. అయినా మాట్లాడేది ఆవిడే. ఎదురెదురుగా కూర్చుని ఎన్నడూ అనుకోని మాటలు, ఇద్దరం తెర వంక చూస్తూ కూర్చుంటే వాటంతటవే వచ్చేవి.

"వాడికి చిన్నప్పుడు దాగుడుమూతలంటే ప్రాణం," అంది ఒకసారి, డాలుతో రాక్షసుడి గదను ఆపుతూ. వాడంటే ఎవరో అడగక్కర్లేదు. "దాక్కోమంటే దాక్కునేవాడు. వెతకడం వాడి వంతు వచ్చేసరికి ఇంటికొచ్చేసి అన్నం పెట్టమనేవాడు. పాపం ఆ పిల్లలు చీకటి పడేదాకా ఎక్కడెక్కడో నక్కి ఉండేవాళ్ళు."

నాకు నవ్వొచ్చింది. ఎండాకాలం తరువాత నేను నవ్వడం అదే. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ముక్కులోకి నీళ్ళొచ్చాయి. ఆవిడ చూసి కూడా చూడనట్టు, "పిడుగు వేశాడే, కాస్త ఆగు," అని డాలు పైకెత్తింది. ఆరోజు నేను మంత్రం చెడగొట్టాను. మొదటి నుంచి చదవాల్సొచ్చింది. ఆవిడ మళ్ళీ డాలు ఎత్తి నిలబడింది.

ఆఫీసు కప్పు ఎప్పటికీ బాగవ్వకూడదని మొక్కుకోవడం ఒక్కటే తక్కువ.

వానాకాలం నడిమధ్యలో ఉండగా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. నా రెండు చేతులూ బొత్తాల మీద ఉన్నాయి, అందుకని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. ఆయనకు ఎప్పుడూ ఒకే గొంతు, పాలు విరిగాయని చెప్పినా జీతం పెరిగిందని చెప్పినా.

"మీ రెండో మనిషి ఎవరండీ?"

"మా అత్తగారండీ."

"రోజూ అదే రాస్తున్నారు. ఆటగాళ్ళెవరూ అలా నిలబడరండీ. మంట కనబడితే ఎవరైనా పారిపోతారు. ఇది పరీక్ష కిందికి రాదు. మనిషిని మార్చండి. ఒకతన్ని చూస్తాను, వాళ్ళింట్లో ఉండే ఆడతాడు."

"చూద్దామండీ," అన్నాను. పెట్టేశాను.

అత్తగారు తాడు మీద నుంచి బట్టలు తీసి మడత పెడుతోంది. "ఆయన చెప్పిందీ నిజమేలే," అంది. "మంట కనబడితే ఎవరైనా పారిపోతారు."

"ఆయనకేం తెలుసు, వదిలెయ్యండి," అన్నాను. ఆవిడను మార్చే ఉద్దేశం నాకు లేదు. ఉద్యోగం మీదికి వచ్చినప్పుడు చూసుకుందాం అనుకున్నాను. అప్పటికి నాకున్న ధీమా అలాంటిది.

ఆ రోజుల్లోనే ఆవిడ చిన్న ఫోన్ మోగడం ఎక్కువైంది. మోగగానే తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. కొడుకే అనుకున్నాను. ఎంతైనా కన్నపేగు, మాట్లాడుకోనీ అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు ఎంత కష్టమయ్యిందో ఆ వంటింటి తలుపుకే తెలియాలి. ఒక మధ్యాహ్నం ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ అదేపనిగా మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఎత్తాను.

"అత్తయ్యా," అంది అటువైపు ఒక ఆడగొంతు. చిన్న వయసు గొంతు. "పొద్దుట్నుంచి పాదాలు బాగా వాచిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఏం చెయ్యమంటారు?"

ఆ కాలి వాపు ఏమిటో, ఆ పిల్ల ఎవరో అర్థం కావడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. మా ఆయన పోతే పోయాడు, ఆ ఏడుపు నేను ఏడ్చేశాను. కానీ అత్తయ్యా అన్న ఆ పిలుపు నాది. ఈ వానల్లో, ఈ తడి దుప్పటి కింద, కొత్తగా నాదయ్యింది. దాన్ని ఇంకొకరి నోట్లో విన్నప్పుడు ఒళ్ళంతా భగ్గుమంది.

"స్నానానికి వెళ్ళారు," అన్నాను.

ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. దాన్ని ఎక్కడి నుంచి తీశానో అక్కడే పెట్టి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చింది. ఫోన్ చూసుకుంది. నన్ను చూసింది. "ఆడదామా?" అంది.

కూర్చున్నాం. రాక్షసుడు వచ్చాడు. మంత్రం మొదలుపెట్టాను.

"నీకోటి చెప్పాలి," అంది ఆవిడ.

"మంత్రం చదువుతున్నాను అత్తయ్యా."

"అందుకే ఇప్పుడు చెబుతున్నాను. కదలకూడదుగా నువ్వు." డాలు ఎత్తి ఒక దెబ్బ కాచింది. "ఆ పిల్లకు నా అన్నవాళ్ళు లేరు. వాడేమో పని మీద వెళ్తున్నానని చెప్పి వెళ్ళాడట. నెల దాటింది. ఫోన్ ఎత్తడు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి."

"మీకు ఫోన్ చెయ్యడానికి సిగ్గు లేదా ఆవిడకు?"

"ఉంది. ఫోన్ చేస్తే ముందు కాసేపు ఏడుపే. సిగ్గు కాకపోతే అదేంటి?"

"మరి నాకు జరిగిందేంటి?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నాకు జరిగినప్పుడు ఆవిడ ఎక్కడుంది?"

"నీకు జరిగింది నేను చూశాను," అంది ఆవిడ. కళ్ళు తెర మీదే ఉన్నాయి. గద డాలుకు తగిలిన ప్రతిసారీ ఆవిడ భుజం కూడా కాస్త ఊగేది. "పక్కగదిలో ఉండి రోజూ చూశాను. నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లక ఆగిపోయాను. అప్పుడు రాలేదే అన్న బాధ నాకు పోదు. నువ్వు ఎలాగో నిలబడ్డావు. ఆ పిల్ల నిలబడలేకపోతోంది."

వెళ్ళకండి అన్న మాట నా నోట్లోనే ఉంది. నాలుక మీదే ఉంది. ఆ మాట అంటే ఆవిడ ఉండిపోయేదని నాకు తెలుసు. ఆవిడ తత్వమే అంత, పక్కన ఉన్న మనిషి ఉండమంటే వదిలి పోవడం చేతకాదు. నేను ఆవిడ మీద ప్రాణం పెట్టుకున్నదీ ఆ తత్వం వల్లే, ఇప్పుడు ఆవిడను ఆ పిల్ల దగ్గరికి లాక్కుపోతున్నదీ అదే. మింగలేక కక్కలేక నేను బొత్తాం నొక్కిపట్టి కూర్చున్నాను.

నేల మీద వలయం వెలిగింది.

అలవాటుగా పరుగెత్తమనడానికి నోరు తెరిచాను. చెప్పే పని లేకపోయింది. కావలి డాలు దించి, వెనక్కి తిరిగి, బరువైన అడుగులతో వలయం దాటి అవతల నిలబడ్డాడు. అక్కడి నుంచి ఇటు తిరిగి నా మంత్రగత్తె వైపు చూస్తూ ఉండిపోయాడు.

పెనుమంట లేచింది. పొగ తేలిపోయింది. వలయం మధ్యలో మంత్రగత్తె ఒక్కతే నిలబడి ఉంది. లేపడానికి ఎవరూ పడి లేరు. చివరి చుక్కతో రాక్షసుణ్ణి కొట్టాను. వాడు కూలిపోయాడు. అంతవరకు మేం ఎన్నడూ వినని బాకాలు మోగాయి, బంగారు రంగు అక్షరాలు దిగాయి.

"పాట బాగుందే," అంది అత్తగారు.

"గెలిచాం," అన్నాను.

"గెలిచాంలే," అని రిమోట్‌ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్న బస్సు. నేను ఆవిడ సంచీలో మోకాళ్ళ మందు పెట్టాను, ఆరిన బట్టలన్నీ నావి పక్కకు తీసి ఆవిడవి పెట్టాను. ఆరనివాటిని ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి పెట్టాను. కోపం తగ్గిందని కాదు. కోపం వచ్చినప్పుడు కూడా చేతులకు ఏదో పని కావాలి. బస్సు మెట్టు మీద నిలబడి ఆవిడ వెనక్కి తిరిగింది. ఏదో పెద్ద మాట అంటుందేమోనని భయపడ్డాను.

"వీధితలుపు గడియ చెమ్మకు ఉబ్బింది. కాస్త పైకెత్తి వెయ్యి, పడుతుంది," అంది.

"అలాగే అత్తయ్యా."

బస్సు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి గడియ వేశాను. పైకెత్తి వేస్తే నిజంగానే పడింది.

ఒక్క మనిషి బట్టలకు ఒక్క తాడు చాలు. మిగిలినవి విప్పేశాను. ఇప్పుడు టీవీ అంచు నుంచి అంచు దాకా కనిపిస్తోంది, రాక్షసుడి కొమ్ములతో సహా. టీ ఒక కప్పుకు పెట్టడం చేతకాక కొన్నాళ్ళు రెండు కప్పులు పెట్టి, రెండోది చల్లారాక నేనే తాగేదాన్ని. పక్కగది తలుపు తీసే ఉంచాను. ఎండాకాలంలో ఆ గదిలో మనిషి ఉందని బాధపడ్డ నేను, వానాకాలం వెళ్ళేసరికి ఆ గదిలో మనిషి లేదని బాధపడ్డాను. నా ఏడుపుకు ఒక తీరూ తెన్నూ లేదు.

సూపర్‌వైజర్ చెప్పినతను వచ్చాడు. రావడమంటే తెర మీదికే. ఎక్కడుంటాడో తెలియదు, గొంతు ఎలా ఉంటుందో తెలియదు, మాటల కోసం ఉన్న మూలలో ఒక్క అక్షరం కూడా రాసేవాడు కాదు. ఆట మాత్రం అద్దంలా ఆడేవాడు. వలయం ఇంకా పూర్తిగా వెలగనే వెలగదు, అతను బయట ఉండేవాడు. ఏనాడూ కాలలేదు, ఏనాడూ పడలేదు. ప్రతిసారీ నేను చివరి చుక్కతో రాక్షసుణ్ణి కొట్టేదాన్ని, బాకాలు మోగేవి. సూపర్‌వైజర్ పాలు విరిగాయని చెప్పే ఆ గొంతుతోనే మెచ్చుకున్నాడు. ఆ గెలుపు పాట ఎన్నిసార్లు విన్నానో, దాని మీద ఎంత విరక్తి పుట్టిందో చెప్పలేను. చివరికి టీవీ చప్పుడు తగ్గించి ఆడటం మొదలుపెట్టాను.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"ఆడపిల్ల," అంది అత్తగారు. వెనక పసిగొంతు ఏడుపు, ఎవరో దగ్గు. "వారమైంది. చెప్పాలో వద్దో తెలీక ఆగాను."

"ఆ అమ్మాయి ఎలా ఉంది?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందని నాకే ఆశ్చర్యంగా ఉంది.

"పడుతోంది, లేస్తోంది," అంది. "రక్తం బాగా పోయింది. నాలుగు అడుగులు వేస్తే కళ్ళు తిరుగుతున్నాయి."

"మీ మోకాళ్ళు?"

"వాటి సంగతి అడక్కు. నీ దగ్గర ఎవరు నిలబడుతున్నారిప్పుడు, డాలు పట్టుకుని?"

"ఎవరో ఉన్నాడు."

"తప్పుకుంటున్నాడా?"

"ప్రతిసారీ."

"అంత సరిగ్గా ఆడేవాడితో నీకేం తోస్తుందే," అంది ఆవిడ.

"నేను రానా?" అన్నాను. "మీ ఒక్కరి వల్ల ఎలా అవుతుంది? పాప పని, ఆ అమ్మాయి పని, వంట. నేను వస్తాను అత్తయ్యా. ఆవిడతో మాట్లాడను, ఏమీ అనను, నా పని నేను చేస్తాను."

"వద్దమ్మా."

"నామీద నమ్మకం లేదా?"

"నీమీద లేక ఎవరిమీద. నిన్ను చూస్తే ఆ పిల్ల పచ్చి ఒంటితో సగం చస్తుంది. దాన్నీ, దాని చేతిలో పాపనూ చూస్తే నువ్వు సగం చస్తావు. ముగ్గురం ఒకేచోట కాలిపోయి ఏం లాభం?" పసిపిల్ల ఏడుపు దగ్గరకు వచ్చింది, భుజానికి ఎత్తుకున్నట్టుంది. "రోజూ నాకు నువ్వు చెప్పిందే నీకు చెబుతున్నాను. ఎర్రబడింది. బయట ఉండు."

"మీరు ఒక్కనాడైనా విన్నారా నా మాట?"

"వినలేదు. నువ్వున్నావు కదా అని వినలేదు." ఆవిడ పాపను ఇంకో భుజానికి మార్చుకున్నట్టుంది. "మంట తగలనివాళ్ళు ఒకరుండాలే, పడ్డవాళ్ళను లేపడానికి. ఆ చివరి చుక్క దాచి ఉంచు. నేను పడ్డప్పుడు పిలుస్తాను."

ఫోన్ పెట్టేశాక టీవీ ముందు కూర్చున్నాను. పని ఇంకా మిగిలే ఉంది. రాక్షసుడు వచ్చాడు, మంత్రం మొదలైంది, అతను నా ముందు నిలబడి ఒక్క దెబ్బ కూడా తగలకుండా కాశాడు. వలయం వెలగబోతుండగానే బయటికి వెళ్ళిపోయాడు. పెనుమంట లేచి ఆరింది. రాక్షసుడు ఒక మోకాలి మీద ఒరిగి, కొనఊపిరితో నా వైపు చూస్తున్నాడు. బొత్తాం మీద వేలు ఉంది. నేను నొక్కలేదు.

రాక్షసుడు మెల్లగా లేచాడు, గద ఎత్తాడు, నా మంత్రగత్తెను పడగొట్టాడు. తరువాత అతన్ని వెతుక్కుంటూ వెళ్ళి పడగొట్టాడు. తెర నల్లబడింది. ఇన్నాళ్ళలో మొదటిసారి మాటల మూలలో అతని అక్షరాలు కనిపించాయి.

"ఎందుకు కొట్టలేదు?"

"దాచాను," అని రాశాను.

"ఎవరి కోసం?"

"మా అత్తగారి కోసం," అని రాశాను.